బీజేపీ ఇంకా కన్జర్వేటివ్ పార్టీయేనా? జనసంఘ్ నాటి సంది పాలమూరు ఎంపీ సీటు దాంక ఏం మారింది, ఏం మారలే?

గడియారం_చౌరస్తా (నల్లగొండ)

చాన్నాళ్ల సంది ఈ మాట అడగాలనుకుంటున్న, ఇక్కడ అన్ని పార్టీలోళ్లు ఉన్నరు కాబట్టి ఇక్కడే పెడుతున్న. మనోళ్లు బీజేపీ అంగనే రైట్ పార్టీ, సంప్రదాయ పార్టీ అని ఒక్క మాటల తేల్చేస్తరు. మరి ఏ విషయంల సంప్రదాయం? 1980ల పార్టీ పెట్టినప్పుడు వాళ్లు రాసుకున్న సిద్ధాంతాలల్ల గాంధేయ సోషలిజం ఒకటి. 90లల్ల స్వదేశీ అన్నరు, విదేశీ కంపెనీలు వద్దన్నరు. 1999ల మళ్ల గవర్నమెంట్ వచ్చినంక ఇన్సూరెన్స్‌ల విదేశీ పెట్టుబడికి 26 శాతం దాంక తలుపు తెరిచిన్రు, ప్రభుత్వ కంపెనీలల్ల వాటాలు అమ్మనీకె ఏకంగ ఒక శాఖనే పెట్టిన్రు. 2012ల రిటైల్‌ల ఎఫ్‌డీఐ వద్దని భారత్ బంద్‌కు పిలుపిచ్చిన్రు. జీఎస్టీ ప్రతిపక్షంల ఉన్నప్పుడు వాళ్ల రాష్ట్రాలే అడ్డం పడ్డయి, 2017ల వాళ్లే అర్ధరాత్రి సెంట్రల్ హాల్‌ల మొదలుపెట్టిన్రు.

తిట్టనీకె అడుగుతలేను. నేను ఈ పార్టీకి ఓటేసిన ఎన్నికలున్నయి, వేయనియి ఉన్నయి. ఇన్ని మారినంక కూడా దాన్ని అదే పార్టీ అని దేన్ని చూసి అంటున్నం, మార్పు ఎవరు తెస్తున్నరు, అది తెలుసుకోవాలని ఉన్నది. దయచేసి వాట్సాప్‌ల వచ్చినయి పెట్టకున్రి, మీకు తెలిసింది రాయున్రి.

రిటైర్డ్_మాస్టర్ (దేవరకొండ)

తమ్మీ, మంచి ప్రశ్న అడిగినవు. బీజేపీకి ముందున్న జనసంఘ్ దీపం గుర్తు రోజుల నుంచి చూస్తున్నవాణ్ని, అందుకని కొంచెం పొడుగ్గనే రాస్తా, ఓపిక పట్టాలె.

నువ్వు చెప్పిన మార్పులన్నీ ఆర్థికానికి సంబంధించినవి. జనసంఘ్‌కు ఆర్థికం ఎప్పుడూ పునాది కాదు. 1951 అక్టోబర్‌లో శ్యామాప్రసాద్ ముఖర్జీ పార్టీ పెట్టిండు, మొదటి లోక్‌సభలో వచ్చినవి 3 సీట్లు. ఆయన 1953లో కాశ్మీర్‌లో నిర్బంధంలోనే చనిపోయిండు. అప్పటి నుంచి కాశ్మీర్ ప్రత్యేక హోదా ఆర్టికల్ 370 రద్దు చెయ్యాలని పార్టీ ఒక్క మాట మీదనే ఉన్నది, 2019 ఆగస్ట్ 5న అది అయింది. అయోధ్య మీద 1989లో పాలంపూర్‌లో తీర్మానం చేసిన్రు, 2024 జనవరిలో గుడి తెరిచిన్రు. మధ్యలో 1998లో సంకీర్ణం కోసం ఈ రెండింటినీ ఉమ్మడి పౌరస్మృతినీ పక్కన పెట్టిన్రు, నిజమే, కానీ వదిలెయ్యలేదు. పునాది అంటే అదీ.

ఇంకోటి, ఆర్థికం మీద కొట్లాట పార్టీ లోపల్నే జరిగింది. 1965 జనవరిలో మన విజయవాడ మహాసభలోనే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ ఏకాత్మ మానవతావాదాన్ని పార్టీ తీసుకున్నది, అమెరికా పెట్టుబడిదారీ వద్దు, రష్యా కమ్యూనిజం వద్దు, మన దారి మనకున్నదని దాని సారం. బలరాజ్ మధోక్ మాత్రం పార్టీని పూర్తిగా కుడివైపు, స్వేచ్ఛా మార్కెట్ కావాలనే స్వతంత్ర పార్టీ వైపు తీసుకపోవాలని చూసిండు. వాజ్‌పేయి ఒప్పుకోలే. చివరకు 1973లో అద్వానీ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు మధోక్‌నే బయటకు పంపిన్రు. అంటే ధనవంతుల పార్టీ అనిపించుకోవద్దని అప్పట్నే నిర్ణయం చేసుకున్నరు. ఇయాల రేషన్ బియ్యం ఇస్తున్నరు, రైతు ఖాతాల పైసలు వేస్తున్నరు అంటే దాంట్లో ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు.

ఎడమకాల్వ (మిర్యాలగూడ)

మాస్టర్ గారూ మీరంటే గౌరవం, కానీ పునాది మారలే అంటే నేనొప్పుకోను. మన జిల్లా సంగతే చూడున్రి. సెప్టెంబర్ 17. 2022 సంది కేంద్రం హైదరాబాద్‌ల పరేడ్ గ్రౌండ్స్‌ల విమోచన దినం అని అధికారికంగ చేస్తున్నది. ఆ ఉపన్యాసాలల్ల చాకలి ఐలమ్మ పేరు వస్తది, దొడ్డి కొమరయ్య పేరు వస్తది. మంచిదే, రావాలె. కానీ కొమరయ్య 1946 జులై 4న కడవెండిల ఎవరి మనుషుల తుపాకీకి చచ్చిపోయిండు? విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీకి. అప్పుడు ఆ ఊర్లన్నీ నల్లగొండ జిల్లా జనగామ తాలూకా. ఐలమ్మ పాలకుర్తిల తన పంట కాపాడుకోనీకె కొట్లాడింది కూడా ఆ దేశ్‌ముఖ్‌తోనే. అది భూమి కొట్లాట, వెట్టి కొట్లాట, నిజాం దాని మీద కూసున్నడు. ఇప్పుడు దాన్ని మొత్తం నిజాం మీద కొట్లాట, రజాకార్ల మీద కొట్లాట అని చెప్తే దేశ్‌ముఖ్ కథల్నుంచే మాయమైతడు. భూస్వామి ఊసు లేని భూపోరాటం చేసిన్రు మీరు. కన్జర్వేటివ్ పార్టీ మారడమంటే నా లెక్కల ఇదీ, కొట్లాటను తన ఖాతాల రాసుకుంటది, కొట్లాట ఎవరి మీదనో అది తీసేస్తది.

రిటైర్డ్_మాస్టర్ (దేవరకొండ)

రజాకార్లు చేసినవి అబద్ధమా? వాళ్లు ఊరోళ్లను కాల్చి చంపిన బైరాన్‌పల్లి అబద్ధమా? పోయినోళ్లల్ల అన్ని కులాలోళ్లున్నరు. దశాబ్దాల పాటు ఏ ప్రభుత్వమూ ఆ రోజును గుర్తుచేసుకోలేదు. చేసినోళ్లను తప్పు పడితే ఎట్ల?

ఎడమకాల్వ (మిర్యాలగూడ)

బైరాన్‌పల్లి నూటికి నూరు శాతం నిజం సార్. రజాకార్లు నిజం, దేశ్‌ముఖ్‌లు కూడా నిజం. రెండూ చెప్పున్రి అంటున్న, అంతే.

ఇంకొకటి మర్చిపోయిన. రాష్ట్రాల సంగతి. 1950లల్ల జనసంఘ్ భాషా రాష్ట్రాలే వద్దన్నది, దేశానికి ఏకకేంద్ర ప్రభుత్వం ఉండాలన్నది. 90ల చివర్ల గదే పరంపరల పార్టీ కాకినాడల ఒక ఓటు రెండు రాష్ట్రాలు అన్నది. అధికారంలకు వచ్చినంక 2000ల మూడు రాష్ట్రాలు ఇచ్చిన్రు, మనది ఇయ్యలే, చంద్రబాబు పొత్తు ఉన్నది కాబట్టి. 2014ల మళ్ల పార్లమెంటుల బిల్లుకు మద్దతిచ్చిన్రు, అది చాన మేలు చేసిన్రు, నేనే చెప్తున్న. కానీ దీన్ని మారని పునాది అంటరా?

వనపర్తి_వకీలు

అందరూ భూమి, గుడి, రాష్ట్రం అంటున్నరు, ఆడవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతా.

1951లో హిందూ కోడ్ బిల్లు పార్లమెంటులో ఆగిపోయింది, అంబేద్కర్ గారు రాజీనామా చేసిన్రు, అందులో ఆ బిల్లు పెద్ద కారణం. ఆ బిల్లును వ్యతిరేకించినోళ్లలో శ్యామాప్రసాద్ ముఖర్జీ ఒకరు. విడాకులు, బిడ్డకు ఆస్తి, ఇవన్నీ కుటుంబాన్ని విడగొడతాయని ఆనాటి సంప్రదాయవాదుల భయం. కాంగ్రెస్‌లో కూడా బోలెడుమంది అదే భయం పెట్టుకున్నరు, రాజేంద్రప్రసాద్ గారు కూడా. ఇప్పుడు అదే పరంపరలోని పార్టీ అందరికీ ఒకే చట్టం అంటున్నది, ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి నుంచి ఉమ్మడి పౌరస్మృతి అమలు చేస్తున్నది. 2023లో మహిళా రిజర్వేషన్ చట్టం తెచ్చింది. నన్నడిగితే ఇది చిన్న మార్పు కాదు. డెబ్బై ఏండ్లలో ఒక సంప్రదాయ పార్టీ, ఆడబిడ్డ హక్కు గురించి నేను మాట్లాడతా అని చెప్పుకోవాల్సిన స్థితికి వచ్చింది. ఓటు కోసమే అనుకోండి, అయినా వచ్చింది కదా.

కానీ కోర్టులో నేను రోజూ చూసేది వేరే. మనకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం 1985 సెప్టెంబర్ నుంచే బిడ్డలకు కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా ఇప్పటికీ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీస్ ముందట కారు ఆగుతుంది, అన్నదమ్ములు చెల్లెను తీసుకొస్తరు, హక్కు విడుదల కాగితం రెడీగా ఉంటది, చీర, పసుపుకుంకుమ కింద కొంత డబ్బు, సంతకం. అమ్మాయి ఏమీ చదవదు. చదవమంటే అన్న మొహం చూస్తది. పుట్టింటి రాకపోకలు పోతాయని భయం. ఆ అన్నదమ్ములు అన్ని పార్టీల్లో ఉన్నరు, ఎర్రజెండా ఇండ్లలో కూడా ఉన్నరు. నేను పార్టీలను అడిగేది ఒక్కటే, చట్టం గురించి అంత గట్టిగ మాట్లాడేటోళ్లు ఊర్లలో ఈ సంతకాల గురించి ఒక్క మీటింగ్ పెట్టిన్రా? ఉమ్మడి చట్టం అంటే ఇక్కడ అందరికీ ముస్లింల పెండ్లిళ్లే గుర్తొస్తయి, మన ఇంటి ఆడబిడ్డ వాటా గుర్తు రాదు. పార్టీ ఏం మారిందో అక్కడ తెలుస్తది, ఏం మారలేదో కూడా అక్కడే తెలుస్తది.

పాలమూరు_పోరడు

అక్కా మీరు రాసింది మా ఇంట్ల కూడ జరిగింది, మా మేనత్తల సంతకాలు అట్లనే అయినయి.

నేను 2024ల బీజేపీకే ఏసిన, దాసుకునేది ఏం లేదు. మా దిక్కు చానమంది ఏసిన్రు, డీకే అరుణమ్మ 4,500 ఓట్లకు అటూఇటుగ గెలిచింది. ఎందుకేసినవ్ అంటే మా ఊర్ల సిద్ధాంతం అని ఎవ్వరు చెప్పరు. మోదీ అంటరు, గుడి అంటరు, రాహుల్ గాంధీ కంటే నయం అంటరు, ఇంక కొంతమంది పైసల్ పడుతున్నయి అంటరు. పీఎం కిసాన్ ఏడాదికి 6,000, నెలకు మనిషికి 5 కిలోల బియ్యం. ఇగ నా డౌట్ ఏందంటే 2015ల పార్లమెంటుల ప్రధాని ఉపాధి హామీని కాంగ్రెస్ ఫెయిల్యూర్‌కు గుర్తుగ ఉంచుతా అన్నడు. మా జిల్లా నల్లగొండ జిల్లా రెండూ 2006ల మొదటి విడతలనే ఉపాధి హామీ వచ్చిన జిల్లాలు, బొంబాయి పుణె వలస పోయేటోళ్లకు అది వచ్చినంక ఎంత ఆసరా అయిందో మా అమ్మను అడిగితే చెప్తది. మరి 2020ల కరోనా వచ్చి అందరు నడుసుకుంట ఇంటికొచ్చినప్పుడు అదే సర్కారు అదే పథకానికి ఇంకో 40,000 కోట్లు ఎక్కువ ఇచ్చింది. 2022ల ఉచితాలను రేవడీ సంస్కృతి అన్నరు, తెల్లారి సంవత్సరం మధ్యప్రదేశ్‌ల ఆడోళ్ల ఖాతాలల్ల నెలనెల పైసలు ఏసి గెలిచిన్రు.

పీఎం కిసాన్ కూడ మన కాడ 2018 మే నెలల రైతుబంధు మొదలైనంకనే వచ్చింది, 2019 ఫిబ్రవరిల. అంటే కేసీఆర్ పథకం చూసి బీజేపీ మారిందా? నాకైతే అట్లనే కొడుతది. దీన్ని తప్పనను, పేదోనికి పైస వస్తే మంచిదే. కానీ ఇగ పార్టీకి పార్టీకి తేడా ఏడున్నది, అది చెప్పున్రి ఎవరన్న.

ఓయూ_రీసెర్చ్ (సొంతూరు నాగర్‌కర్నూల్)

తేడా ఎక్కడుందో చెప్పే ముందు ఒక మాట, ఇది మన దగ్గరే జరుగుతున్న వింత కాదు. బ్రిటన్‌లో కన్జర్వేటివ్ పార్టీ మొదట భూస్వాముల పార్టీ. 1846లో వాళ్ల ప్రధానే, రాబర్ట్ పీల్, విదేశీ ధాన్యం మీద సుంకాలు ఎత్తేసిండు, పార్టీ రెండు ముక్కలయింది. 1867లో డిజ్రేలీ పట్టణ కార్మికుల్లో చాలామందికి ఓటు హక్కు ఇచ్చిండు. ఇరవయ్యో శతాబ్దంలో సంక్షేమ రాజ్యాన్ని ఒప్పుకున్నరు, థాచర్ వచ్చి దాన్ని తలకిందులు చేసింది, ఐరోపా మార్కెట్‌లోకి తీసుకపోయింది వాళ్లే, 2016 ఓటు తర్వాత బయటకు తెచ్చింది వాళ్లే. అమెరికా రిపబ్లికన్లు రీగన్ కాలంలో స్వేచ్ఛా వాణిజ్యం అన్నరు, ట్రంప్ కాలంలో సుంకాలు అంటున్నరు, 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బీ ఉద్యోగ వీసాకు లక్ష డాలర్ల ఫీజు పెట్టిన్రు, మన నల్లగొండ, పాలమూరు తల్లిదండ్రులు ఎంతమంది ఆ రాత్రి నిద్రపోలేదో మీకు చెప్పనక్కర్లే.

గడియారం అన్న అడిగిన మార్పు ఎవరు తెస్తరు అన్నదానికి మంచి ఉదాహరణ జనసంఘ్ చరిత్రలోనే ఉన్నది. 1952లో రాజస్థాన్ అసెంబ్లీలో జనసంఘ్‌కు 8 మంది ఎమ్మెల్యేలు. ఎక్కువమంది జాగీర్దార్ల వర్గం. జాగీర్దారీ రద్దుకు పార్టీ మద్దతు ఇయ్యాలన్నది, వాళ్లు కాదన్నరు. పార్టీ వాళ్లలో ఎక్కువమందిని వదులుకున్నది. పార్టీ వెంట నిలబడినోళ్లలో ఒకడు భైరాన్‌సింగ్ షెకావత్, ఆయన తర్వాత ఆ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిండు, దేశానికి ఉపరాష్ట్రపతి అయిండు. చేతిలో ఉన్న సీట్లు పోయినా పర్వాలేదు, రైతు దూరం కావద్దు అని ఒక చిన్న పార్టీ తీసుకున్న నిర్ణయం అది.

గడియారం_చౌరస్తా (నల్లగొండ)

ఇదే నేను వెతుకుతున్నది. అందరు రాసింది చదివినంక నాకు అనిపిస్తున్నది రాస్తున్న, కొట్టున్రి తిట్టున్రి.

పార్టీ మ్యానిఫెస్టో చూసి అది ఎంత సంప్రదాయమో తెల్వదు. ఎవరిని లోపలికి రానిస్తున్నది, ఎవరిని పోనిస్తున్నది అది చూడాలె. 1952ల ఎనిమిదిమందే ఉన్నప్పుడు జాగీర్దార్లను పోనిచ్చిన్రు. 1984ల దేశం మొత్తం మీద గెలిచినయి రెండే సీట్లు, దాంట్ల ఒకటి మన హన్మకొండ, చందుపట్ల జంగారెడ్డి పీవీ నరసింహారావును ఓడగొట్టిండు, టీడీపీ మద్దతు ఉన్నది కానీ మనిషి మాత్రం పాత జనసంఘ్ మనిషి. ఇప్పుడు మన రెండు జిల్లాలు చూడున్రి. మునుగోడు 2022 ఉప ఎన్నికల బీజేపీ అభ్యర్థి కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి, కాంగ్రెస్ నుంచి వచ్చిండు, ఏడాది తిరిగేసరికి కాంగ్రెస్‌కే పోయిండు. 2024ల నల్లగొండ అభ్యర్థి సైదిరెడ్డి, బీఆర్ఎస్ మాజీ ఎమ్మెల్యే. భువనగిరి అభ్యర్థి బూర నర్సయ్యగౌడ్, టీఆర్ఎస్ మాజీ ఎంపీ. పాలమూరు అరుణమ్మ కాంగ్రెస్‌ల మంత్రిగ చేసింది, గద్వాల డీకే కుటుంబం ఎప్పటి సంది రాజకీయంల ఉన్నదో అందరికి ఎర్కే. జితేందర్‌రెడ్డి 1999ల పాలమూరుల బీజేపీ ఎంపీ, 2014ల టీఆర్ఎస్ ఎంపీ, మళ్ల బీజేపీ, 2024ల కాంగ్రెస్.

ఈళ్లు చెడ్డోళ్లు అని నేనంటలేను, ఓటేసినోళ్లను తక్కువ చేస్తలేను. కానీ ఈళ్లెవరూ 370 మీదనో ఏకాత్మ మానవతావాదం మీదనో మనసు మారి రాలే. సీటు కోసం వచ్చిన్రు, పార్టీ కూడా సీటు కోసమే తీసుకున్నది. పై నుంచి గుడి, దేశం, మోదీ వస్తయి, అవి మారయి, మాస్టర్ గారు చెప్పింది ఆడిదాంక కరెక్టే. కింద మాత్రం ఊర్ల ఇంతకుముందు ఎవరి మాట చెల్లుతుండెనో ఆళ్ల మాటనే ఇప్పుడు కాషాయ కండువ కప్పుకొని చెల్లుతది. కౌలు రైతు గురించి పార్టీ ఏమంటది, బిడ్డల వాటా గురించి ఏమంటది, ధరణి భూముల గొడవల ఎవరి పక్కన నిలబడతది, అది ఢిల్లీ సిద్ధాంతం నిర్ణయించదు, ఈ వచ్చినోళ్లు నిర్ణయిస్తరు. రాజస్థాన్‌ల ఆనాడు తీసుకున్న నిర్ణయానికి మన దగ్గర ఇప్పుడు జరిగేది పూర్తిగ ఉల్టా.

రిటైర్డ్_మాస్టర్ (దేవరకొండ)

తమ్మీ, ఇది చదివి నాకు బాధయింది, ఎందుకంటే కొంత నిజం కాబట్టి. గోడల మీద మేం సున్నంతోని రాసిన రోజుల్లో మా దగ్గర డిపాజిట్ కట్టెటందుకు చందాలు వేసుకునేటోళ్లం. ఓడిపోతమని తెలిసి కూడా నిలబడ్డ అభ్యర్థులున్నరు, వాళ్లల్ల చాలామంది పేర్లు ఇయాల పార్టీ ఆఫీసులో ఎవరికీ తెల్వవు. కానీ ఒక మాట చెప్పు. వలస నాయకులను తీసుకోకుండా తెలంగాణల ఏ పార్టీ గెలిచింది? టీఆర్ఎస్ 2014 తర్వాత ఎవరితో నిండింది? 2023లో కాంగ్రెస్ ఎవరితో గెలిచింది? ఉట్టి కార్యకర్తలతో మన జిల్లాల్లో గెలవలేకపోయినం. అరవై ఏండ్లు ఓడిపోవడం సిద్ధాంతం కాదు గద.

వచ్చినోళ్లు కూడా కొన్నాళ్లకు మారతరు. ఆరెస్సెస్ శాఖకు రాకున్నా బూత్ కమిటీల్లో కూర్చుంటరు, వాళ్ల పిల్లలు ఈ భాషే మాట్లాడతరు. పార్టీ వాళ్లను మారుస్తదని నా నమ్మకం.

ఎడమకాల్వ (మిర్యాలగూడ)

మారుస్తదా లేదా చూడనీకె దూరం పోవుడు అక్కర్లే మాస్టర్ గారూ. 2023 అక్టోబర్ 27న సూర్యాపేట సభల అమిత్ షా వచ్చి, గెలిస్తే బీసీ ముఖ్యమంత్రి అన్నడు. మన గడ్డ మీద అన్న మాట. ఒక సంప్రదాయ పార్టీ అంత మాట అన్నది అంటే నేను నిజంగ సంతోషపడ్డ. అంతకు మూడు నాలుగు నెలల ముందటనే బీసీ అధ్యక్షుడు బండి సంజయ్‌ను తీసి కిషన్‌రెడ్డిని పెట్టిన్రు. ఎన్నికలల్ల 8 సీట్లు వచ్చినయి, ఉమ్మడి నల్లగొండల సున్నా, ఉమ్మడి పాలమూరుల సున్నా.

మా ఎర్ర పార్టీలు ఏం తక్కువ తినలే, 2022 మునుగోడుల టీఆర్ఎస్‌కు మద్దతిచ్చి గెలిపించిన్రు, తర్వాత ఏడాదికి కేసీఆర్ మొహం చూడలే. నేను ఆ పార్టీల మనిషినే అయినా చెప్తున్న.

మోడరేటర్

చర్చ బాగున్నది. ఇద్దరు సభ్యులు కులం పేర్లు పెట్టి రాసిన్రు, ఆ రెండు పోస్టులు తీసేసినం. విషయం మీదనే రాయున్రి.

వనపర్తి_వకీలు

గడియారం గారి వాదనలో ఒక లోపం ఉన్నది. పార్టీలోకి వచ్చేది నాయకులే కాదు, ఓటర్లు కూడా. బీసీలకు రిజర్వేషన్లిచ్చే మండల్ వచ్చినప్పుడు 1990లో ఈ పార్టీ నీళ్లు నమిలింది. ఆ తర్వాత ఉత్తరప్రదేశ్‌లో కళ్యాణ్‌సింగ్, తర్వాత మోదీ, 2018లో బీసీ కమిషన్‌కు రాజ్యాంగ హోదా. 2025 ఏప్రిల్ 30న కులగణనకు కేంద్రం ఒప్పుకున్నది, అంతకు ముందు దాకా కులగణన సమాజాన్ని విడగొడుతుందని ఆ పార్టీ నాయకులే మాట్లాడేవాళ్లు. ఇది పై నుంచి ఎవరో దయతలచి చేసింది కాదు, వెనకబడ్డ కులాల ఓటర్లు లోపలికి వచ్చి తెచ్చిన ఒత్తిడి. అంటే కింద నుంచి కూడా పార్టీ మారుతది. మీరు గద్వాల కోట వైపే చూస్తున్నరు, క్యూలో నిలబడ్డ మనిషిని చూడట్లేదు.

పాలమూరు_పోరడు

అక్క చెప్పింది నాకు నచ్చింది, ఎందుకంటే ఆ క్యూల నిలబడ్డది నేనే. మా ఊర్ల బీజేపీ జెండా పట్టుకున్నది ముదిరాజ్, బోయ, కురుమ పోరగాళ్లు, పెద్దిండ్లోళ్లు కాదు. టికెట్ మాత్రం మాకు రాదు, సర్పంచ్ దాంక అయితే ఇస్తరు. మేం గుడి కోసం నిలబడ్డం, బియ్యం కోసం కాదు, కానీ ఇగ మాకు కూడా లెక్క కావాలె.

2025 మార్చిల అసెంబ్లీల బీసీలకు 42 శాతం బిల్లు పెట్టినప్పుడు బీజేపీ ఎమ్మెల్యేలు కూడ మద్దతిచ్చిన్రు, తర్వాత ముస్లింలను కలిపిన్రని ఆ పార్టీనే అభ్యంతరం పెట్టింది, బిల్లు ఢిల్లీకి పోయింది. దేశం మొత్తం కులాల లెక్క 2027 జనాభా లెక్కలల్ల వస్తది అంటున్నరు. గడియారం అన్నా, మాస్టర్ సార్, ఇద్దరికి ఒకటే అడుగుతున్న. ఆ లెక్క వచ్చినంక పాలమూరుల, నల్లగొండల మా సంఖ్య ఎంతో కాయితం మీద కనపడతది గద, అప్పుడు పార్టీ టికెట్లు ఎవరికి ఇస్తది? సార్ అన్నట్టు పార్టీ వచ్చినోళ్లను మార్చి మాకు జాగ ఇప్పిస్తదా, గడియారం అన్న అన్నట్టు వచ్చినోళ్లే కూసుంటరా? నేను మా మండలంల ఈ మాట మీటింగ్‌ల అడిగిన, ఎవ్వరు జవాబు చెప్పలే. సార్, మీరు పాత మనిషి, జిల్లా పార్టీల మీ మాట ఇంటరు, మీరు అడుగుతరా?

రిటైర్డ్_మాస్టర్ (దేవరకొండ)

అడుగుతా నాయనా. వచ్చే జిల్లా కార్యవర్గంలో అడుగుతా, ఏమన్నరో ఇక్కడనే రాస్తా. నువ్వు మీ మండలంలో బూత్‌ల వారీగా ఎవరు పని చేస్తున్నరో, ఎవరికి ఏ పదవి ఇచ్చిన్రో ఒక కాగితం మీద రాసి నాకు పంపియ్, చేతిలో కాగితం ఉంటేనే అక్కడ మాట వింటరు.